టిబిలిసిలో ఒక శనివారం, ఒక చున్నీ

ఎంబీబీఎస్‌కి జార్జియా దేశం రాజధాని టిబిలిసికి వచ్చి రెండో ఏడు నడుస్తోంది. కాలేజీ, రూమ్, కూరగాయల కొట్టు, మళ్ళీ కాలేజీ. ఇంతే తప్ప ఊరు చూసింది తక్కువ. వచ్చిన కొత్తలో సీనియర్లు ఒకసారి గుంపుగా తిప్పారు గాని, ఆ రోజు ఫొటోలు తీసి చూస్తే అన్నిట్లో మా మొహాలే, వెనక ఏముందో ఎక్కడా కనపడదు. మొన్న అక్టోబరులో ఈ దేశంలోనే బతూమీ అనే ఊళ్ళో చదివే నా ఫ్రెండ్ రెండ్రోజులకి వస్తానంది. దానికి మాల్స్ అక్కర్లేదట, కేబుల్ కారూ అక్కర్లేదట. "పాత గుళ్ళు చూపించవే, ఏ మతానివైనా పర్లేదు" అంది. సరే అన్నాను గాని, అన్నాక నాకూ తెలియదని గుర్తొచ్చింది.

అక్టోబరు 14న ఇక్కడ స్వెతిత్స్ఖొవ్లోబా అనే పండగ, దేశమంతా సెలవు. ముందు ఆ రోజే వెళ్దామనుకున్నాం. మా ఇంటి ఓనరమ్మ వద్దంటే వద్దంది, ఆ రోజు పండగ జరిగే పక్క ఊరు మ్త్స్ఖేతాలో కాలు పెట్టే చోటుండదట. అందుకని ఆ తర్వాత వచ్చిన శనివారం పెట్టుకున్నాం. శనివారం పెట్టుకోవడంలో ఒక తప్పు ఉందని మధ్యాహ్నం దాకా తెలియలేదు, అది తర్వాత చెప్తాను.

ముందు మా ఫ్రెండ్ బస సంగతి. అవ్లాబారి మెట్రో దగ్గర ఒక చిన్న హాస్టల్లో మంచం తీసుకుంది, రాత్రికి 35 లారీలు. ఇక్కడి డబ్బు పేరు లారీ. ఇంటికి ఫోన్ చేసి "ఈ నెల కూరగాయలకే 60 లారీలు అయ్యాయి" అంటే మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు. యాప్‌లో "మెట్రోకి 5 నిమిషాలు" అని రాశారు, అది నిజమే. రాయనిదేంటంటే హాస్టల్ ఐదో అంతస్తులో ఉంది, లిఫ్టు సోవియట్ కాలం నాటిది, లోపల చిన్న డబ్బా ఉంటుంది, అందులో చిల్లర వేస్తే గాని కదలదు. టిబిలిసి పాత అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే, నాకు అలవాటైపోయింది. మా ఫ్రెండ్ మాత్రం పెట్టెతో సహా లిఫ్టులో నిలబడి చిల్లర లేక పది నిమిషాలు ఎవరైనా వస్తారేమోనని చూసిందట. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేణ్ణీళ్ళు బాగా వచ్చాయి, అమ్మాయిల గదికి లోపలి గడియ గట్టిది. బాత్రూమ్ ఒక్కటే, ఎనిమిది మందికి. ఒక్క రాత్రికైతే బాగానే ఉంది, వారం రోజులకైతే నేను తీసుకోను.

పొద్దున్న ఎనిమిదిన్నరకి దిదూబే మెట్రో దగ్గర కలుసుకున్నాం. నాది వాజా ప్షావెలా రోడ్డు, స్టేషన్ స్క్వేర్‌లో రైలు మారాలి. దానికి అవ్లాబారి నుంచి ఒకే లైను. మెట్రో టికెట్ ఒక లారీ, ఎంత దూరమైనా అంతే. కార్డు గేటుకి ఆనిస్తే చాలు, గంటన్నర లోపల బస్సెక్కినా మళ్ళీ తీసుకోదు. ఇన్నాళ్ళలో ఈ ఊరి మెట్రో మీద నాకు ఒక్క కంప్లైంటూ లేదు, ఒక్క చప్పుడు తప్ప. చెవులు మూసుకోవాల్సిందే.

దిదూబే బయటికి రాగానే సంత. కాకి పళ్ళు (పెర్సిమన్లు), టమాటాలు, సాక్సులు, ఫోను కవర్లు, వాటి మధ్యలో మినీ వ్యాన్లు, ఒక్కో డ్రైవరూ తన ఊరి పేరు అరుస్తుంటాడు. ఈ వ్యాన్లని మార్ష్రూత్కా అంటారు. మ్త్స్ఖేతా అనే పేరు తెలుగులో రాయగలిగాను గాని పలకడం ఇంకా రాలేదు. నేను నోరు తెరిచి "మ్... ఉత్..." అంటుండగానే ఒకాయన నవ్వి వ్యాను చూపించాడు. మనిషికి 2 లారీలు, 25 నిమిషాలు. నిండితే గాని కదలడని చాలామంది అంటారు, మాది పావుగంటలో కదిలింది. దారిలో ఒక చర్చి కనపడగానే వ్యానులో సగం మంది ఒకేసారి మూడు సార్లు శిలువ గుర్తు వేసుకున్నారు, డ్రైవరుతో సహా, స్టీరింగ్ మీద ఎడం చెయ్యి ఒక్కటే ఉంచి. మా ఫ్రెండ్ నా మోచెయ్యి పట్టుకుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఇంకా భయపడ్డాను.

మ్త్స్ఖేతా చిన్న ఊరు. టిబిలిసి కన్నా ముందు కార్త్లి రాజ్యానికి ఇదే రాజధాని. నాలుగో శతాబ్దంలో రాజు మిరియాన్ క్రైస్తవం తీసుకున్నది ఇక్కడే. ఇక్కడి చర్చిలను యూనెస్కో 1994లో జాబితాలో పెట్టింది. ఊరి నడిమధ్య పెద్ద ప్రహరీ గోడ, దాని లోపల స్వెతిత్స్ఖొవేలి. గేటు దగ్గర గంపలో తలకి కట్టుకునే గుడ్డలు, నడుముకి చుట్టుకునే లంగాల్లాంటివి పెట్టి ఉంటాయి. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, ప్యాంటు వేసుకుంటే పైన లంగా చుట్టుకోవాలి. మగవాళ్ళు టోపీ తీసేయాలి, నిక్కర్లతో రానివ్వరు. ఉచితమే గాని ఎంతమంది కట్టుకున్నారో ఆ గుడ్డలు, నాకు మనసొప్పదు. అందుకే నేను పొడుగు కుర్తా వేసుకుని ఒక కాటన్ చున్నీ బ్యాగులో పెట్టుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. మా ఫ్రెండ్ జీన్స్, హుడీతో వచ్చింది. హుడీ టోపీ సరిపోతుందని వాదించింది, సరిపోయింది కూడా. లంగా మాత్రం గంపలోది చుట్టుకోక తప్పలేదు, పూల పూలది, దాని ఫొటో నా దగ్గర భద్రంగా ఉంది.

స్వెతిత్స్ఖొవేలి అంటే ప్రాణమున్న స్తంభం అని అర్థం. కథ ఇలా చెప్తారు. ఈ ఊరి యూదుడు ఎలియాజ్ అనే ఆయన జెరూసలేములో క్రీస్తు అంగీని ఒక రోమన్ సైనికుడి దగ్గర కొని తెచ్చాడట. ఆయన చెల్లెలు సిడోనియా దాన్ని గుండెకి హత్తుకుని అక్కడికక్కడే ప్రాణం విడిచింది, వేళ్ళు విప్పడం ఎవరి వల్లా కాక అంగీతోనే పూడ్చిపెట్టారు. ఆ చోట దేవదారు చెట్టు మొలిచింది. తర్వాత ఈ దేశానికి క్రైస్తవం తెచ్చిన సెయింట్ నీనో ఆ చెట్టు కొట్టించి చర్చికి ఏడు స్తంభాలు చేయిస్తే, ఏడోది నిలబెట్టబోతే గాల్లోకి లేచిపోయిందట, రాత్రంతా ఆమె ప్రార్థన చేస్తే కిందికి దిగింది. లోపల కుడి పక్కన ఆ చోటని చెప్పేచోట రాతి మంటపంలాంటిది కట్టి చుట్టూ బొమ్మలు వేశారు. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1010 నుంచి 1029 మధ్య కట్టింది, కట్టినవాడు అర్సుకిడ్జె. ఉత్తరం గోడ మీద బయటివైపు పైన ఒక చెయ్యి, మూలమట్టం పట్టుకున్నట్టు చెక్కి ఉంటుంది. అది ఆ శిల్పిదే అంటారు, ఇలాంటిది ఇంకోటి కట్టకుండా చెయ్యి నరికేశారన్న కథ కూడా ఉంది. చాలామంది లోపలికెళ్ళి చూసి వెళ్ళిపోతారు. దయచేసి బయట ఒక చుట్టు తిరగండి, ఆ చెయ్యి వెతకడమే సరదా, మాకు ఏడెనిమిది నిమిషాలు పట్టింది.

లోపల బెంచీలుండవు. అందరూ నిలబడే. నేల మీదున్న పెద్ద పెద్ద రాళ్ళు సమాధులు, రాజులవి. వాఖ్తాంగ్ గొర్గసాలి, రెండో ఎరెక్లే ఇక్కడే ఉన్నారు. ముందు తెలియక తొక్కేశాను. ఆ రోజు శనివారం కదా, పెళ్ళిళ్ళు. మేమున్న ముప్పావు గంటలో రెండు జంటలు. తలల మీద కిరీటాలు పెట్టి, పూజారి వాళ్ళని మూడు చుట్లు తిప్పుతుంటే మా ఫ్రెండ్ "ఏడైతే సరిపోయేది" అంది.

ఇక్కడే నా పరువు పోయింది. లోపల పసుపు రంగు సన్నటి మైనం కొవ్వొత్తులు అమ్ముతారు, ఒకటి ఒక లారీ. నాన్నకి ఆ వారం ఒంట్లో బాలేదు, ఆయన పేరున ఒకటి వెలిగిద్దామని కొన్నాను. గుండ్రటి స్టాండు నిండిపోయి ఉంది, పక్కన కింద ఇసుక పోసిన పళ్ళెం ఖాళీగా కనపడితే చక్కగా అందులో గుచ్చి కళ్ళు మూసుకున్నాను. వెనక నుంచి ఒక బెబియా, అంటే ఇక్కడి మామ్మలని అలా పిలుస్తారు, నల్ల గౌను, నల్ల స్కార్ఫు, వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి జార్జియన్‌లో ఏదో అడిగింది. నాకొచ్చిన నాలుగు మాటల్లో "మామా" అంటే నాన్న. అదే చెప్పాను. ఆవిడ మొహం ఒక్కసారిగా జాలిగా అయిపోయింది, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు అనుమానమొచ్చి ఫోను తీసి "ఆయనకి జ్వరం" అని అనువాదం చేసి చూపించా. ఆవిడ అయ్యయ్యో అన్నట్టు చేతులెత్తి, నా కొవ్వొత్తి చటుక్కున పీకి, ఆర్పకుండా, గుండ్రటి స్టాండులో ఇంకో కొవ్వొత్తిని జరిపి చోటు చేసి పెట్టింది. కింద ఇసుకలో పెట్టేవి చనిపోయిన వాళ్ళకట. పైనవి బతికున్నవాళ్ళకి. నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి.

అక్కడి నుంచి పది నిమిషాల నడక సామ్తావ్రో. ఆడ సన్యాసినుల మఠం, టూరిస్టు బస్సులు ఎక్కువ రావు, వచ్చేది ఎక్కువగా భక్తులే. రాజు మిరియాన్, రాణి నానా సమాధులు లోపలున్నాయి. కాని జనం వచ్చేది వాళ్ళ కోసం కాదు, సన్యాసి గాబ్రియేల్ కోసం. 1965 మే డే నాడు టిబిలిసిలో ప్రభుత్వ భవనం మీద వేలాడదీసిన లెనిన్ పెద్ద బొమ్మని తగలబెట్టిన మనిషి ఈయన. కొట్టి, పిచ్చివాడని ముద్ర వేసి ఆసుపత్రిలో పెట్టారు. 1995లో పోయారు, 2012లో చర్చి ఆయన్ని సెయింట్ అని ప్రకటించింది. మెడిసిన్ చదివేవాళ్ళం కదా, ఆ పిచ్చి సర్టిఫికెట్ సంగతి మా ఇద్దరికీ బాగా తగిలింది. ఆయన దగ్గరి దీపంలోని నూనె తీసుకెళ్ళడానికి జనం వరసలో ఉన్నారు. ఫొటోలు తీస్తుంటే ఒక సన్యాసిని చూసి తల అడ్డంగా ఊపింది, వెంటనే లోపల పెట్టేశాం. ఈ చోటు నాకు పెద్ద చర్చి కన్నా నచ్చింది, తోటలో గులాబీలు, రాతి బెంచీ, నిశ్శబ్దం.

తర్వాత తిండి. మా ఫ్రెండ్ గుడ్డు కూడా తినదు. జార్జియాలో శాకాహారులు ఒక్క మాట నేర్చుకుంటే చాలు, "సమర్ఖ్వో". ఉపవాస రోజుల్లో ఇక్కడివాళ్ళు మాంసం, పాలు, గుడ్డు ముట్టరు, ఆ తిండికి ఆ పేరు. బుధ, శుక్రవారాలు కూడా ఉపవాసం ఉండేవాళ్ళున్నారు గనక హోటళ్ళకి అది కొత్త కాదు. లోబియో తెప్పించాం, మట్టి కుండలో ఎర్ర చిక్కుడు గింజలు, ధారాళంగా కొత్తిమీర, పక్కన మొక్కజొన్న రొట్టె, ఉప్పులో ఊరేసిన మిరపకాయ. ఈ దేశంలో కొత్తిమీరకి లోటు లేకపోవడం నా అదృష్టం. దాంతో పాటు లోబియానీ, గింజల ముద్ద కూరిన రొట్టె. మనిషికి 16 లారీలు అయింది, రేటు కొంచెం ఎక్కువే, చర్చి ఎదురు సందులో కదా. బిల్లులో సర్వీసు పేరుతో కొంత కలిపారు, మెనూలో చివర చిన్న అక్షరాల్లో ఉంది, మేమే చూసుకోలేదు. కూర్చునే ముందు అడగండి. వచ్చిన అమ్మాయి మాత్రం విసుక్కోకుండా ప్రతి ఐటెములో జున్నుందో లేదో చెప్పింది.

జ్వారి అనే చర్చి కొండ మీద ఉంది, నదికి అవతల. ఊళ్ళోంచి చూస్తే అదిగో అన్నట్టే ఉంటుంది గాని రోడ్డు హైవే మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, బస్సు లేదు, టాక్సీయే గతి. చర్చి గేటు ముందున్న మొదటి డ్రైవరు రానూపోనూ 60 అన్నాడు. నవ్వి ముందుకి నడిచాం. రెండో ఆయన 40, నేను 25 అన్నాను, 30కి కుదిరింది, పైన అరగంట ఆగేట్టు. ముందే ఆగే సమయం మాట్లాడుకోకపోతే పైకెళ్ళాక హారన్ కొడుతూనే ఉంటారని సీనియర్లు చెప్పారు. మా డ్రైవరు హారన్ కొట్టలేదు, పైగా దిగేటప్పుడు రెండు కాకి పళ్ళు ఇచ్చాడు.

జ్వారి గురించి ఎక్కువ రాయాలని ఉంది గాని అక్కడ ఉన్నది తక్కువ. చిన్న రాతి చర్చి, ఆరో శతాబ్దం చివర మొదలై ఏడో శతాబ్దం మొదట్లో పూర్తయింది. లోపల గోడలు బోడిగా ఉంటాయి, మధ్యలో ఎనిమిది పలకల రాతి దిమ్మ మీద పెద్ద చెక్క శిలువ. నాలుగో శతాబ్దంలో నీనో శిలువ నాటిన చోటు అదేనని నమ్మకం, జ్వారి అంటేనే శిలువ. వెలుగు పైనుంచి సన్నగా వస్తుంది. బయటికొస్తే గాలి, నిజంగా మనిషిని నెట్టే గాలి, నా చున్నీ ఎగిరి రెయిలింగ్‌కి చిక్కుకుంది, ఒక కొరియన్ పెద్దాయన పట్టుకుని ఇచ్చాడు. కింద అరాగ్వి, మ్త్క్వరి నదులు కలుస్తాయి. ఒకటి నీలంగా, ఒకటి మట్టి రంగులో, కలిసిన తర్వాత కూడా కొంత దూరం పక్కపక్కనే విడివిడిగా పోతుంటాయి. సంగమం అంటే మనవాళ్ళకి చెప్పాలా, ఇద్దరం మాట్లాడకుండా పదిహేను నిమిషాలు పిట్టగోడ మీద కూర్చున్నాం. ఒక్క చోటే చూసే టైముంటే ఇక్కడికే వెళ్ళమంటాను. మధ్యాహ్నం కన్నా పొద్దున్నే ఇంకా బాగుంటుందట, మేం వెళ్ళేసరికి టూర్ బస్సులు నాలుగు ఆగి ఉన్నాయి, ఫొటోల కోసం వరస. టాయిలెట్‌కి చిల్లర ఉంచుకోండి, కార్డు తీసుకోరు.

రెండున్నరకి మళ్ళీ వ్యాను, దిదూబే, మెట్రో. లిబర్టీ స్క్వేర్‌లో దిగి కోతె అబ్ఖాజీ వీధిలో కిందికి నడిచాం. ఈ వీధి చివర మెయ్‌దాన్ అనే చిన్న చౌక్. దాని చుట్టూ నడిచి చేరేంత దూరంలో యూదుల సినగోగ్, ఆర్మేనియన్ చర్చి, మసీదు, జార్జియన్ చర్చిలు, పాత అగ్ని దేవాలయం. ఎవరైనా టిబిలిసి గురించి మొదట చెప్పేది ఇదే. చెప్పేవాళ్ళు చెప్పనిదేంటంటే వీటన్నిటి మధ్యా అడుగడుక్కీ ఒకడు మెనూ కార్డు పట్టుకుని "హలో ఇండియా, షారుఖ్ ఖాన్" అంటూ వెంటపడతాడు. చికాకు.

శనివారం తప్పని అన్నాను కదా. సినగోగ్ ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, అఖల్‌త్సిఖే నుంచి వచ్చి స్థిరపడిన యూదులు కట్టించింది. గేటు దగ్గర కాపలా అతను మమ్మల్ని చూసి, మా ఫోన్లని చూసి, మర్యాదగానే "షబ్బాత్" అన్నాడు. శనివారం వాళ్ళ విశ్రాంతి రోజు, ప్రార్థనకి వచ్చేవాళ్ళకే గాని చూడ్డానికి వచ్చేవాళ్ళకి కాదు. ఇంత చిన్న సంగతి ముందు తట్టకపోవడం మా తప్పే. మా ఫ్రెండ్ మొహం చిన్నబోయింది, అది మళ్ళీ ఎప్పుడొస్తుందో.

పైన కొంచెం ఎక్కితే సూర్బ్ గెవోర్గ్, ఆర్మేనియన్ చర్చి. దాని ఆవరణలో సయాత్ నొవా సమాధి. మూడు భాషల్లో పాటలు కట్టిన కవి, ఆర్మేనియన్, జార్జియన్, అజర్‌బైజానీ. 1795లో పర్షియా పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ ఈ ఊరిని ధ్వంసం చేసినప్పుడు చంపేశారు. సమాధి మీద ఎవరో ఒక దానిమ్మపండు పెట్టి వెళ్ళారు. మేం ఐదు నిమిషాలుండి వచ్చేశాం.

మసీదు అబానోతుబానీ అనే పేటలో, గంధకం నీళ్ళ స్నానశాలల వెనక. అక్కడికెళ్తే మొదట ముక్కుకి తెలుస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన. ఈ ఊరి పేరే ఆ వేడి నీళ్ళ వల్ల వచ్చింది, "త్బిలి" అంటే వెచ్చన. ఎర్ర ఇటుకల మినార్ ఉన్న మసీదు, దీని ప్రత్యేకత ఏంటంటే సున్నీలు, షియాలు కలిసే ఇక్కడ నమాజు చేస్తారు. ఊళ్ళో షియాలకి వేరే మసీదు ఉండేది, వంతెన కట్టడానికని 1951లో సోవియట్ ప్రభుత్వం దాన్ని కూల్చేసింది. అప్పట్నుంచి ఇద్దరికీ ఇదే. మేం వెళ్ళేసరికి నమాజు టైము కాదు, లోపల ముగ్గురే ఉన్నారు. చెప్పులు విప్పి, నా చున్నీ మళ్ళీ తల మీదికి. మా ఫ్రెండ్ హుడీ చూసి అక్కడి పెద్దాయన కొక్కానికున్న స్కార్ఫు తెచ్చిచ్చాడు. లోపల గోడలు నీలం, తెలుపు, చల్లగా ఉంది. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్న కాళ్ళకి ఆ తివాచీ మీద కూర్చోవడం ఎంత హాయో. ఆయన ఎక్కణ్ణుంచని అడిగాడు, ఇండియా అంటే "డాక్టర్, డాక్టర్" అన్నాడు. ఈ ఊళ్ళో ఇండియా పిల్లలంటే అందరికీ అదే లెక్క. డబ్బు అడగలేదు, ఫొటోకి కూడా సరేనన్నాడు. ఆ రోజు మొత్తంలో మమ్మల్ని కూర్చోమన్నది ఆయనొక్కడే.

అగ్ని దేవాలయం, ఆతేష్‌గాహ్, చూడాలంటే బెత్లెమి మెట్లు ఎక్కాలి. ఎక్కాం. తాళం. బయట గోడ తప్ప ఏమీ కనపడలేదు. మా ఫ్రెండ్ ఒక్క మాట కూడా అనకుండా నా వైపు చూసింది. దిగాం. తలుపు తీసి ఉంటుందని ఎవరైనా నమ్మకంగా చెప్తే తప్ప మోకాళ్ళు పాడుచేసుకోకండి, మెట్ల మీంచి కనిపించే చెక్క బాల్కనీల కోసమైతే సరే.

సియోని చర్చిలో నీనో శిలువ ఉంది. ద్రాక్ష తీగ కొమ్మలని తన జుట్టుతోనే ముడివేసి చేసుకుందని చెప్తారు, అందుకే జార్జియన్ శిలువకి అడ్డ చేతులు కిందికి వాలి ఉంటాయి. గుర్తు పెట్టుకుంటే ఊరంతా కనిపిస్తుంది, టాక్సీ అద్దాలకి కూడా అదే వేలాడుతుంది. అసలుది జాలీ వెనక, తొడుగు లోపల, కనపడేది తొడుగే. కనపడకపోయినా జనం వచ్చి జాలీకి నుదురు ఆనించి వెళ్తున్నారు.

అప్పటికి ఐదవుతోంది. కాళ్ళు లేవడం లేదు, ఇంక చాలు సమేబా అనే పెద్ద చర్చి ఒక్కటి చూసి పోదాం అనుకుంటూ నడుస్తుంటే వాలిపోయినట్టున్న గడియారం గోపురం పక్కనే అంచిస్ఖాతి వచ్చింది. ఊళ్ళో మిగిలిన చర్చిలన్నిట్లో పాతది, ఆరో శతాబ్దానిది, చిన్నది, బయటికి పెద్దగా ఏమీ ఉండదు. లోపలి నుంచి పాట. సాయంత్రం ప్రార్థన మొదలైంది. తలుపు పక్కన నిలబడ్డాం. మగవాళ్ళు ఏడెనిమిది మంది, వాయిద్యం ఒక్కటీ లేదు, మూడు గొంతుల్లో మూడు దారులు, ఒకటి కింద నేలలా ఆగి ఉంటే రెండు దాని మీద నడుస్తున్నట్టు. జార్జియన్ బహుస్వర గానాన్ని యూనెస్కో 2001లోనే గుర్తించింది, 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షంలోకి పంపిన రికార్డులో కూడా ఈ దేశం పాట ఒకటి ఉంది. ఇవన్నీ నాకు ముందే తెలుసు, కాలేజీలో మొదటి నెలలోనే చెప్పారు. కాని ఇయర్‌ఫోన్లలో విని ఇదేం గోల అనుకున్నదాన్ని. ఆ రాతి గోడల మధ్య విన్నాక వేరే సంగతి. ఇరవై నిమిషాలు అనుకున్నాం, చూసుకుంటే గంట. మధ్యాహ్నం 30 లారీలు పెట్టి చూసిన కొండ ఒక ఎత్తు, దమ్మిడీ ఖర్చు లేకుండా విన్న ఇది ఒక ఎత్తు. టిబిలిసికి ఎవరొచ్చినా శనివారం సాయంత్రం ఐదుకి అక్కడికి తీసుకెళ్ళాలని నిర్ణయించుకున్నాను, శనివారానికి ఆ మాత్రం మంచి ఉంది.

అద్దాల వంతెన దాటి, నది ఒడ్డున మెటేఖి. గుర్రం మీద వాఖ్తాంగ్ విగ్రహం, వెనక పదమూడో శతాబ్దపు చర్చి. ఆ గుట్ట మీద ఒకప్పుడు జైలుండేది. చీకటి పడుతోంది, ఫొటో తీసుకుని నడిచాం.

సమేబా. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా బంగారు గోపురం కనపడుతుంది. 1995లో మొదలుపెట్టి 2004లో ప్రారంభించారు. అవ్లాబారి మెట్రో నుంచి పది నిమిషాలు, ఎక్కుడే. చాలా పెద్దది, రాత్రి దీపాల్లో ఇంకా పెద్దగా ఉంటుంది, తోటలు, మెట్లు, పెళ్ళివారి కార్లు. దీన్ని తిట్టడం నాకిష్టం లేదు, వచ్చిన వాళ్ళు నిజమైన భక్తితోనే వస్తున్నారు. కాని మధ్యాహ్నం జ్వారి చూసిన కళ్ళతో చూస్తే అంతా కొత్త పాలరాయి మెరుపే. ఇక్కడ ముందు ఖోజీవాంక్ అనే ఆర్మేనియన్ల శ్మశానం ఉండేది, ఇప్పుడు పక్కన చిన్న ముక్క మిగిలింది. అది చదివాక ఆ మెట్లు ఎక్కుతుంటే కాళ్ళ కింద ఏముందోనని ఒక ఆలోచన వస్తూనే ఉంటుంది. ఊరిని చూడ్డానికి మాత్రం పైనుంచి బాగుంటుంది. మెట్ల మీద కూర్చుని దారిలో కొన్న చుర్చ్‌ఖేలా తిన్నాం. దారానికి అక్రోట్లు గుచ్చి, ద్రాక్షరసం పిండిలో ముంచి ఆరబెడతారు, వేలాడుతుంటే అచ్చం కొవ్వొత్తిలా ఉంటుంది. మా ఫ్రెండ్ "దీన్ని ఏ స్టాండులో పెట్టాలే?" అంది. ఆ మాట ఇంక జీవితాంతం వదలదు.

లెక్క వేస్తే ఒక్కొక్కరికి 46 లారీలు అయింది, టాక్సీ సగం 15, తిండి 16, మిగతా అంతా చిల్లరే. ఎక్కడా ప్రవేశ టికెట్ లేదు. మళ్ళీ చేస్తే అగ్ని దేవాలయం తీసేస్తాను, సమేబా రాత్రి భోజనం తర్వాతకి పెడతాను, మ్త్స్ఖేతాలో ఇంకో గంట ఉంటాను. సాయంత్రం ఏడింటికి బూట్లు విప్పితే ఇద్దరికీ బొబ్బలు.

అది ఆదివారం బతూమీ రైలెక్కేసింది. మంగళవారం క్లాసులు తొందరగా అయిపోతే నేనొక్కదాన్నే సినగోగ్‌కి వెళ్ళాను, చూసొచ్చి దానికి ఫొటోలు పంపుదామని. గేటు తీసే ఉంది. పైఅంతస్తు హాలు గోడలు, కప్పు అంతా రంగుల ముగ్గుల్లాంటి బొమ్మలు, మధ్యలో పెద్ద దీపం, ఎవ్వరూ లేరు. ఈ దేశంలో యూదులు 26 శతాబ్దాలుగా ఉన్నారని 1998లో పెద్ద ఉత్సవమే చేశారట, గైడు లాంటి ఒక పెద్దాయన చెప్పాడు. లోపలికి వెళ్ళే ముందు అలవాటుగా బ్యాగులోంచి చున్నీ తీసి తల మీద వేసుకోబోయాను. ఆయన ఆగమని చెయ్యి ఎత్తి, వేలి చుట్టూ ఉంగరంలా చూపించి, పెళ్ళైందా అని అడిగాడు. లేదన్నాను. అయితే అక్కర్లేదన్నాడు.